చండీగఢ్ రాక్ గార్డెన్: ముప్పావుగంటకి అయ్యే పని కాదు

పదేళ్ల కిందట సిమ్లా, మనాలి ప్యాకేజీలో వెళ్లినప్పుడు బస్సువాడు మమ్మల్ని రాక్ గార్డెన్ గేటు ముందు దింపి "నలభై ఐదు నిమిషాలే, ఆలస్యమైతే బస్సు ఆగదు" అన్నాడు. పరిగెత్తుకుంటూ లోపలికి పోయాం, జలపాతం దగ్గర నాలుగు ఫొటోలు దిగాం, పరిగెత్తుకుంటూ బయటికొచ్చాం. ఆ తర్వాత ఎవరైనా అడిగితే "ఆఁ చూశాంలే, రాళ్లూ బొమ్మలూ" అనేవాణ్ని. మాది కర్నూలు. ఓర్వకల్లు రాళ్లు చూస్తూ పెరిగినవాళ్లకి రాళ్ల తోటలో ఏం గొప్ప కనిపిస్తుంది చెప్పండి! మొన్న నవంబరులో అమ్మానాన్నల్ని, మా ఆవిడని, ఏడేళ్ల పిల్లాణ్ని తీసుకుని వేరే ఊరేదీ కలపకుండా చండీగఢ్ కోసమే వెళ్లి రెండు రాత్రులు ఉన్నాక గానీ అప్పుడు నేనేమీ చూడలేదని తెలియలేదు.

ప్రయాణం సంగతి ముందు చెప్పేస్తాను. కర్నూలు నుంచి సంపర్క్ క్రాంతిలో హజ్రత్ నిజాముద్దీన్, అక్కడి నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కి ఆటో, సాయంత్రం కాల్కా శతాబ్దిలో మూడున్నర గంటల్లో చండీగఢ్. పెద్దవాళ్లతో కాస్త కష్టమే, డబ్బులు చూసుకోకపోతే హైదరాబాద్ నుంచి విమానమే మేలు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకి ఆ వైపు రైళ్లు గంటలు గంటలు లేటవుతాయి కాబట్టి ఆ రెండు నెలలు వదిలేయండి.

బస దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఊళ్లో హోటళ్ల రేట్లు చూసి గుండె ఆగి, చవకగా ఉందని జీరక్‌పూర్‌లో ఒకటి బుక్ చేశాను. చండీగఢ్‌ని ఆనుకుని పంజాబ్‌లో ఉన్న ఊరు అది. ఫొటోలో పెద్ద కిటికీ ఉంది, గదిలో కూడా నిజంగానే ఉంది, తెరిస్తే చేతికందే దూరంలో పక్క బిల్డింగ్ గోడ. గీజర్ వేస్తే ఐదు నిమిషాలకే కరెంటు ట్రిప్ అయ్యేది. నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, అర్ధరాత్రి స్క్రూడ్రైవర్ అడుగుతుంటే రిసెప్షన్ కుర్రాడు బిత్తరపోయాడు. తెల్లారి గది ఖాళీ చేసి సెక్టార్ 22కి మారిపోయాం. రోజుకి ఏడెనిమిది వందలు ఎక్కువ పడింది గానీ కింద టిఫిన్లు, పక్కనే బజారు, షాపింగ్‌కి వెళ్లే సెక్టార్ 17 నడిచి వెళ్లేంత దూరం, రాక్ గార్డెన్‌కి క్యాబ్‌లో పదిహేను నిమిషాలు. జీరక్‌పూర్ నుంచైతే పొద్దున ట్రాఫిక్‌లో గంట పోయేది, మిగిలిందనుకున్న డబ్బు క్యాబ్‌వాడికే పోసేవాళ్లం. స్టేషన్ బయట ఆటోవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు, యాప్‌లో క్యాబ్ పిలుచుకుంటే సగానికి వస్తుంది.

ఇక అసలు విషయం. రాక్ గార్డెన్ సెక్టార్ 1లో ఉంది, ఒక పక్క హైకోర్టు, ఇంకో పక్క సుఖ్నా సరస్సు. టికెట్ పెద్దలకి 30, పిల్లలకి 10. మేం తొమ్మిదింటికి తెరవగానే వెళ్లాం. పదకొండు దాటాక ప్యాకేజీ బస్సులు దిగడం మొదలవుతుంది, ఇక ఆ సన్నటి దారుల్లో మనం నడవక్కర్లేదు, వెనకవాళ్లే తోసుకుపోతారు.

లోపలికి వెళ్తూనే ద్వారాలన్నీ పొట్టిగా ఉంటాయి. తల వంచకపోతే ఠంగున తగులుతుంది, మా ఆవిడకి తగిలింది కూడా. ఇదొక రాజ్యమని, రాజుగారి కొలువుకి వచ్చేవాడు ఎంతటివాడైనా వంగే రావాలని ఊహించి అలా కట్టారట. ఆ రాజ్యం కట్టినాయన పేరు నేక్ చంద్. రాజూ కాదు, ఆర్కిటెక్టూ కాదు, పీడబ్ల్యూడీలో రోడ్ ఇన్‌స్పెక్టర్. దేశ విభజనలో ఊరు పాకిస్తాన్‌లోకి పోయి ఇటు వచ్చిన కుటుంబం. లె కార్బూజియే అనే విదేశీ ఆర్కిటెక్టు గీసిన ప్లాను ప్రకారం కొత్త నగరం కడుతుంటే పాత ఊళ్లు పడగొట్టేవారు కదా, ఆ శిథిలాల్లో పారేసిన పెంకులు, కుండలు, పింగాణీ ముక్కలు, ఘగ్గర్ నది ఒడ్డున దొరికే వింత ఆకారం రాళ్లు, ఇవన్నీ సైకిల్ మీద మోసుకొచ్చి, ఎవరూ ఏమీ కట్టకూడదని వదిలేసిన అడవిలో ఒక గుడిసె వేసుకుని దాచాడు. 1957లో మొదలు. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు పాత టైర్లు కాల్చి ఆ వెలుగులో ఈ పని. 1975 దాకా, అంటే పద్దెనిమిదేళ్లు, ఆఫీసర్ల కంట పడలేదు! చట్టం ప్రకారం అక్రమ నిర్మాణమే, పడగొట్టాలి. జనం అడ్డుపడ్డారు, ఆఫీసర్లలోనూ కొందరికి మనసొప్పలేదు. 1976లో తోటని జనానికి తెరిచి, ఆయనకే జీతమిచ్చి, యాభై మంది కూలీలనిచ్చి ఇదే పని చేయమన్నారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015 జూన్‌లో పోయారు. ఇప్పుడు నలభై ఎకరాలు.

మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగిపోయారు. నాన్న ఒక గోడ దగ్గర. దూరం నుంచి చూస్తే తెల్లటి రాళ్లు వరసగా పేర్చినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి తడిమి, "ఒరేయ్, ఇవి కిట్‌క్యాట్‌లురా" అన్నారు. పాత ఇళ్లలో మీటరు బోర్డు మీద ఉండే పింగాణీ ఫ్యూజులు, వందలకొద్దీ, సిమెంటులో అద్ది ఉన్నాయి. కొన్నిటికి ఇత్తడి ముక్క ఇంకా అలాగే ఉంది. ఇది ఎన్ని ఆంపియర్లది, ఇందులో ఎంత తీగ వేసేవాళ్లం, వానాకాలంలో ఒక్క రాత్రిలో ఎన్ని మార్చేవాళ్లం అని ఆయన చెబుతుంటే పిల్లాడు చకచకా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, నలభై దాటాక విసిగి వదిలేశాడు. అరగంట పైనే ఉండిపోయాం అక్కడ.

అమ్మ ఆగింది గాజుల బొమ్మల దగ్గర. ఆడవాళ్ల బొమ్మలు, నడుం ఎత్తు ఉంటాయి, వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి, ఒంటి మీద చీరంతా గాజు ముక్కలే. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఒక్కో ముక్కా వేలి గోరంత, వంపు పోకుండా ఒకే దిశలో పొదిగారు. దాంతో కుచ్చిళ్లు నిజంగా మడత పడ్డట్టే ఉన్నాయి. అమ్మ నోట "పగిలిన గాజులు" అన్న మాట రాదు, చిట్లిన గాజులు అంటుంది. "చిట్లిన గాజులు ఇంట్లో ఉంచకూడదని మనం బయట పారేస్తాం, ఈయన ఏరుకొచ్చి ఎంతమందికి చీరలు కట్టాడో చూడు" అంది. చిన్నప్పుడు తను గాజు ముక్కలు దీపం మీద కాల్చి వంచి గొలుసులు చేసేదట, నాకు నలభై ఏళ్లొచ్చాక మొదటిసారి చెప్పింది.

ఆ తర్వాత జలపాతాలు, లోతైన లోయలాంటి దారులు. పక్కన కనిపించే గుట్టల్లో చాలావాటికి సిమెంటు నింపి గట్టిపడ్డాక వదిలేసిన గోనె సంచుల ముద్రలు కనిపిస్తాయి, గోనె అల్లిక గుర్తు కూడా పోలేదు. అందరూ ఫొటోల కోసం ఆగేది ఇక్కడే. నాకైతే ఇది రెండో తరగతి ఆకర్షణే, కృత్రిమ జలపాతాలు ఎక్కడైనా ఉంటాయి. తోటలో చివరిదైన మూడో భాగంలో పెద్ద పెద్ద కమానులకి ఉయ్యాలలు వేలాడదీశారు, వంకర అద్దాలు కూడా ఉన్నాయి. పిల్లాడికి రాక్ గార్డెన్ అంటే ఆ ఉయ్యాలలే, ఇంకేమీ గుర్తు లేదు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఒక మాట. లోపల ఎత్తుపల్లాలు, మెట్లు ఎక్కువ, చక్రాల కుర్చీ తోసుకుని అంతా చూడటం కష్టం. దారి ఒకవైపే పోతుంది, సగంలో మోకాళ్లు నొప్పెడితే వెనక్కి రావడానికి వచ్చే జనానికి ఎదురు నడవాలి. అమ్మ మూడు చోట్ల కూర్చుంది. నీళ్ల సీసా, గట్టి చెప్పులు తప్పనిసరి. కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి.

2025లో హైకోర్టు వైపు రోడ్డు, పార్కింగ్ పనుల కోసం తోట గోడ కొంత పడగొట్టారు, ఊరివాళ్లు గొడవ చేశారు. శిథిలాలతో కట్టినదాన్ని మళ్లీ శిథిలం చేయడం ఏమిటో!

ఓర్వకల్లుతో పోల్చమని మా తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. పోలికే లేదు. నంద్యాల రోడ్డులో మన రాళ్లు గాలీవానా చెక్కినవి, మధ్యలో నీళ్లు, ఎండ తగ్గాక నాలుగింటికి వెళ్లి రాయి మీద కూర్చుంటే చీకటి పడేదాకా లేవబుద్ధి కాదు. అక్కడ చూడాల్సిన పని లేదు, ఊరికే ఉంటే చాలు. చండీగఢ్‌లో ఊరికే కూర్చునే చోటు దాదాపు లేదు, ప్రతి అడుగుకీ ఎవరో చేత్తో పెట్టిన ముక్క ఉంటుంది, కళ్లు అలిసిపోతాయి. ప్రశాంతత కావాలంటే ఓర్వకల్లే.

అలిసిన కళ్లకి సుఖ్నా సరస్సు పక్కనే ఉంది, నడిచే వెళ్లొచ్చు. 1958లో వాగుకి అడ్డంగా కట్టకట్టి చేసిన చెరువు. సాయంత్రం గట్టు మీద నడక హాయిగా ఉంది, పడవకి లైన్ పెద్దదైతే మానేయండి, నష్టం లేదు. రోజ్ గార్డెన్‌కి నవంబరులో వెళ్తే కొమ్మలే ఎక్కువ, ఫిబ్రవరిలో పూల పండగప్పుడు వెళ్లాలి. పింజోర్ తోటలు మేం వదిలేశాం. తిండికి దిగుల్లేదు, పరాఠా మీద వెన్న ముద్ద వేసి ఇస్తారు, కానీ మూడో పూటకి అమ్మ "తెల్లన్నం, పెరుగు" అని మొదలుపెట్టింది. ఏ ధాబాలో అడిగినా విడిగా ఇస్తారు, కందిపొడి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి.

హైకోర్టు, అసెంబ్లీ, సెక్రటేరియట్ ఉన్న కాపిటల్ కాంప్లెక్స్ చూడాలంటే గుర్తింపు కార్డు చూపించి గైడ్‌తో వెళ్లాలి, ఉచితమే, 2016లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ ఇరవై ఆరు మీటర్ల ఎత్తున్న 'ఓపెన్ హ్యాండ్' కట్టడం మీది లోహపు చెయ్యి గాలికి తిరుగుతుంటే పిల్లాడు నోరు తెరుచుకుని చూశాడు. మేం దీన్ని అదే రోజు మధ్యాహ్నానికి పెట్టుకోవడమే పొరపాటు. టైమ్ అయిపోతోందని రాక్ గార్డెన్‌లో గుడ్డపీలికల బొమ్మల మ్యూజియం చూడకుండానే బయటికొచ్చేశాం. కిట్‌క్యాట్‌ల దగ్గర అరగంట నిలబెట్టి తన బొమ్మలు పోగొట్టారని అమ్మ నాన్నని రైల్లో ఝాన్సీ దాటేదాకా దెప్పుతూనే ఉంది.