అంచు మిగలని రోజులు: ఆరేళ్లుగా తింటున్న పిజ్జా రెస్టారెంట్

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న పిజ్జా రెస్టారెంట్ ఉంది. ఆరేళ్లుగా మేము ముగ్గురం, అంటే నేను, మావారు, మా అమ్మాయి అక్కడికి వెళుతున్నాం. మధ్యలో అలిగి మానేసిన నెలలు తీసేసినా వందసార్లకు తక్కువ తినలేదు. ఈ హోటల్ గురించి ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వెళ్లిన రోజు వేరు, అంతే.

ఆ రోజు ఎలాంటిదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక కొలమానం ఉంది: మా అమ్మాయి పళ్లెం. పిండి బాగుంటే పళ్లెం ఖాళీగా ఉంటుంది. బాగోలేదంటే నమిలి వదిలేసిన అంచులు నెలవంకల్లా వరుసగా మిగులుతాయి. చిన్నపిల్ల కదా అని మొదట్లో పట్టించుకోలేదు. తరువాత గమనిస్తే ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. పైన చీజ్, సాస్ ఉన్నంత మేరా ఎలాంటి పిండైనా చెల్లిపోతుంది. అంచు దగ్గర మాత్రం దాచుకోవడానికి ఏమీ ఉండదు.

మంచి రోజున ఇక్కడి అంచు ఎలా ఉంటుందో చెప్పాలి. పైన పల్చటి పెళుసుదనం, అక్కడక్కడా గోధుమరంగు బొబ్బలు, విరిస్తే లోపల పెద్దా చిన్నా గాలి గదులు. నమిలితే కొంచెం సాగుతుంది, చివర్లో సన్నటి పులుపు. ఇదంతా చేతివాటం వల్లనే అనుకునేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడే పెద్దాయనను ఒకసారి అడిగితే, చేతికంటే ఫ్రిజ్ ఎక్కువ పని చేస్తుందన్నారు. ఈస్ట్ బాగా తగ్గించి కలిపిన పిండిని ముద్దలు చేసి, ఒక రోజంతా చల్లగా ఉంచుతారట. ఆ చల్లదనంలో ఈస్ట్ నిదానంగా పని చేస్తుంది. ఈలోగా పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర వల్లనే అంచు చక్కగా ఎర్రబడుతుంది. అన్ని గంటల పులియబెట్టడంలోనే రుచి పుడుతుంది. తొందరపడి ఈస్ట్ పెంచితే పిండి పొంగుతుంది గాని, రుచి మాత్రం చప్పగా ఉంటుంది.

మూడో ఏడు అదే జరిగింది. పక్క గది కూడా కలుపుకొని హోటల్‌ను పెద్దది చేశారు. బల్లలు రెట్టింపయ్యాయి, ఫ్రిజ్ మాత్రం పాతదే. ముద్దలు సాయంత్రానికే అయిపోతుంటే, అప్పటికప్పుడు పిండి కలపడం మొదలుపెట్టారు. మాకు ఎవరూ చెప్పలేదు, పళ్లెం చెప్పింది. అంచులు పాలిపోయి వచ్చేవి, దగ్గరగా తెస్తే ఈస్ట్ వాసన. నాలుగు నెలలు అలా గడిచాక వెళ్లడం మానేశాం. ఆ తరువాత ఒక సాయంత్రం, ఇంట్లో వంట చేసే ఓపిక లేక మళ్లీ వెళితే, పెద్దాయన గుర్తుపట్టి నవ్వి, “ఫ్రిజ్ కొన్నామమ్మా” అన్నారు. మేమెందుకు రావడం లేదో ఆయనకు ముందే తెలుసన్నమాట. అప్పటినుంచి పిండి మళ్లీ దారిలో పడింది.

ఆదివారం సాయంత్రాలు మాత్రం ఇప్పటికీ నమ్మదగినవి కావు. వీళ్లది రాతి పలక ఉన్న కరెంటు పొయ్యి. ఇటలీలోని నేపుల్స్ నగరపు పద్ధతిలో కట్టెల పొయ్యి వేడి 450 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఇక్కడ 300 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. అదేమీ లోపం కాదు, ఆ వేడికి తగినట్టు పిండి కలిపితే కరకరలాడే అడుగు వస్తుంది. చిక్కంతా రద్దీతోనే. తలుపు తీసినప్పుడల్లా వేడి జారిపోతుంది, రాయి మళ్లీ వేడెక్కేలోపే ఇంకో పిజ్జా వచ్చి పడుతుంది. పైన చీజ్ కరిగి నిగనిగలాడుతుంటే కాలిందనే అనుకుంటాం. ముక్క ఎత్తి చూస్తే అడుగు తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఇలా రెండుసార్లు వెనక్కి పంపాను. రెండుసార్లూ మారుమాట లేకుండా కొత్తది చేసి ఇచ్చారు. ఇప్పుడు ఆదివారం తప్పనిసరైతే, “ఇంకొక నిమిషం ఎక్కువ ఉంచండి” అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెబుతాను. చాలావరకు పని చేస్తుంది.

మెనూలో ముప్పై రకాలు ఉన్నాయి. మాకు కావలసింది మొదటి పేజీలోనే ఉంది: మార్గరీటా. టమాటా, మొజరెల్లా చీజ్, తులసిని పోలిన బేసిల్ ఆకులు, అంతే. 1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్ వచ్చినప్పుడు ఆ దేశపు జెండా రంగులతో చేసి పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులకు దానిమీద చాలా అనుమానాలున్నాయి. కథ సంగతి ఎలా ఉన్నా, ఒక పిజ్జా హోటల్ పనితనం తెలుసుకోవాలంటే మొదట ఇదే తినాలి. ఇక్కడి సాస్‌లో చక్కెర తీపి తెలియదు, టమాటా పులుపు తెలుస్తుంది. ఆ ఒక్క విషయానికే నేను వీళ్ల తప్పులు కొన్ని క్షమించేశాను.

పుట్టగొడుగులు, ఉల్లిపాయ, టమాటా ముక్కలు, కాప్సికమ్ అన్నీ కలిపి వేసే రకం వైపు మాత్రం చూడకండి. అవన్నీ పొయ్యిలో నీరు వదులుతాయి, నడిమధ్య ఒక చిన్న చెరువు ఏర్పడుతుంది. అంచులోపల చీజ్ కూరి పెట్టే రకం ఒకటి ఉంది. అంత కష్టపడి పులియబెట్టిన అంచును ఇలా పాడుచేయడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాదు. పైనాపిల్ వేసింది మావారికి ఇష్టం. దాన్ని చూసి ముఖం చిట్లించే మాకు ఆయన ప్రతిసారీ ఒక కబురు చెబుతారు: పేరు హవాయి అయినా అది పుట్టింది కెనడాలోనట. గ్రీసు నుంచి వలస వచ్చిన సామ్ పానొపౌలోస్ 1962లో తన హోటల్లో మొదట చేశారని, డబ్బా పైనాపిల్ మీదున్న బ్రాండు పేరే దీనికి పెట్టారని. కబురు బాగుంది. పిజ్జా మాత్రం నాకింకా తీపిగానే ఉంది.

మావారు లెక్కల మాస్టారు కావడం వల్ల ఒక లాభం కూడా కలిగింది. ఒకరోజు పెద్ద సైజు అయిపోయింది, బదులుగా అదే బిల్లుకు రెండు చిన్నవి ఇస్తామన్నారు. రెండు వస్తున్నాయి కదా అని నేను తల ఊపాను. ఆయన కాగితపు రుమాలు మీద లెక్క వేసి చూపించారు. 12 అంగుళాల పిజ్జా వైశాల్యం సుమారు 113 చదరపు అంగుళాలు. 8 అంగుళాలది 50, రెండు కలిపినా 100. పైగా రెండింటికీ చుట్టూ అంచు పోగా సాస్, చీజ్ ఉన్న భాగం ఇంకా తగ్గుతుంది. వడ్డించే అబ్బాయి ఆ రుమాలు తీసుకెళ్లి లోపల చూపించాడు. కాసేపటికి వెల్లుల్లి రొట్టె ఒకటి అదనంగా వచ్చింది. ముక్క కొన వాలిపోకుండా వెనకవైపు కొద్దిగా మడిచి దోనెలా పట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. దాని వెనక 1827 నాటి, గాస్ అనే జర్మన్ గణితవేత్త చెప్పిన వక్రతల సిద్ధాంతం ఉందని మొదలుపెడతారు. అప్పటికి మేము రెండో ముక్కలో ఉంటాం.

పార్సిల్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. వేడి పిజ్జాను అట్టపెట్టెలో మూయగానే ఆవిరి బయటికి పోయే దారి లేక అడుగును నానబెడుతుంది. పది నిమిషాల నడకలో కరకర మాయమై తోలులా తయారవుతుంది. తప్పదంటే పెట్టె మూత కొంచెం తెరిచి తీసుకెళ్లండి. ఇంటికి చేరాక మందపాటి పెనం మీద సన్నటి మంటకు వేడి చేస్తే అడుగు కొంత కోలుకుంటుంది. మైక్రోవేవ్ జోలికి పోకండి.

సేవ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నీళ్లు రెండుసార్లు అడగాలి, పాట శబ్దం ఒక్కసారి అడిగితే తగ్గిస్తారు. శుభ్రతకు వంక పెట్టలేను. సలాడ్ మాత్రం ఆరేళ్లలో ఏనాడూ తాజాగా లేదు. ఆ సంగతి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

మాకు బాగా కుదిరినవి మంగళ, బుధవారాలు, సాయంత్రం ఏడు లోపల. పొయ్యి పూర్తి వేడి మీద ఉంటుంది, ముద్దలు నిన్నటివి ఉంటాయి, పెద్దాయనకు మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. పొయ్యి కనిపించే బల్ల ఒకటి ఎడమవైపు మూలన ఉంది, దొరికితే అక్కడే కూర్చోండి. పోయిన బుధవారం మేము కూర్చున్నదీ అక్కడే. మా అమ్మాయి తన అంచులన్నీ తినేసి, నేను చివరికి దాచుకున్న ఒక్క ముక్క వైపు చెయ్యి చాచింది.