ఆర్టీఐకి జవాబు రాకపోతే ఏది మేలు: ప్రజావాణా, మళ్లీ దరఖాస్తా, ఫిర్యాదా, అప్పీలా?

మాది నల్గొండ జిల్లా చండూరు పక్కన చిన్న ఊరు. ఊళ్లో మూడు బోర్లున్నాయి. వాటి నీళ్లకు చివరిసారి పరీక్ష ఎప్పుడు చేశారు, ఫ్లోరైడ్ ఎంత వచ్చింది అని అడుగుతూ ఒక ఆఫీసుకు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దని మా దగ్గర బడి పిల్లలకు కూడా తెలుసు. మా పెద్దమ్మ నడుము వంగిపోయి, కాళ్లు ముడుచుకుపోయి ఏళ్ల తరబడి మంచానికే పరిమితమైంది. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, కాదనను, కానీ పైపు పగిలిన రోజు జనం బిందెలు పట్టుకుని మళ్లీ ఆ బోర్ల దగ్గరికే పోతారు. అందుకే అడిగాను. జవాబుకు చట్టం ఇచ్చిన ముప్పై రోజులు పోయాయి, ఇంకో వారం పోయింది, ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు తలా ఒక సలహా ఇచ్చారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పొమ్మని ఒకరు, "ఇంకో దరఖాస్తు పెట్టు అన్నా, మొదటిది ఎక్కడో పోయి ఉంటది" అని ఒక తమ్ముడు, నేరుగా హైదరాబాద్‌లో సమాచార కమిషన్‌కు ఫిర్యాదు పంపితే దెబ్బకు దిగొస్తారని ఇంకొకరు. మొదటి అప్పీలు మాట ఎవరూ ఎత్తలేదు, నిజానికి ముందు చేయాల్సింది అదే.

ప్రజావాణిలో అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు, చివరికి ఆ అర్జీ మీరు ఎవరి మీద చెప్పారో ఆ ఆఫీసుకే వస్తుంది. పని కావాలంటే అది మంచి దారే. కాగితం కావాలంటే మాత్రం కాదు, ఎందుకంటే ఇన్ని రోజుల్లో రికార్డు ఇచ్చి తీరాలనే గడువు గానీ, ఇవ్వకపోతే జరిమానా గానీ అక్కడ లేవు.

మళ్లీ అదే దరఖాస్తు పెట్టడం అన్నిటికంటే నష్టం. గడువు దాటినా జవాబు రాకపోతే చట్టంలోని 7(2) ప్రకారం అది తిరస్కరణ కిందే లెక్క, ఆ రోజు నుంచి అప్పీలుకు మీకు ముప్పై రోజులే ఉంటాయి. కొత్త దరఖాస్తు పెట్టి ఇంకో నెల ఎదురుచూస్తూ కూర్చుంటే మొదటిదాని అప్పీలు గడువు చేజారుతుంది. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు, కానీ ఆ తంటా మనకెందుకు?

ఇక అసలు తికమక ఫిర్యాదుకూ అప్పీలుకూ మధ్యే. సెక్షన్ 18 కింద నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, ఆ మాట నిజమే. అయితే 2011లో మణిపుర్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చేసింది: సెక్షన్ 18 ఫిర్యాదు మీద కమిషన్ అధికారికి జరిమానా వేయగలదు గానీ, సమాచారం ఇప్పించలేదు. సమాచారం కావాలంటే సెక్షన్ 19 అప్పీలు దారిలోనే పోవాలి. జరిమానా రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 మించదు. అధికారి జీతంలోంచి పాతిక వేలు పోయినా మా బోరు నీళ్ల లెక్క నా చేతికి రాదు కదా. ఇది తెలియక నేరుగా కమిషన్‌కు రాసి ఏడాదికి పైగా ఎదురుచూసినవాళ్లను చూశాను, బాధేస్తుంది. పైగా మన తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషన్‌లో కమిషనర్లే లేరు, ఆ రెండేళ్లూ వచ్చిన అప్పీళ్లు అట్లాగే పేరుకుపోయాయి. ఇప్పుడు పెట్టినవి కూడా ఆ వరుసలోనే నిలబడాలి.

మొదటి అప్పీలు వెళ్లేది అదే ఆఫీసులోనో, దానిపై ఆఫీసులోనో పీఐఓ (మన దరఖాస్తుకు సమాచారం ఇవ్వాల్సిన అధికారి) కంటే పెద్ద హోదా ఉన్న అధికారికి. "వాళ్లూ వాళ్లూ ఒకటే, ఏం లాభం" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ముప్పై రోజుల్లో, మహా అయితే నలభై ఐదు రోజుల్లో ఆయన తేల్చాలి, అది ఎక్కువ ఆఫీసుల్లో కింది సెక్షన్‌ను కదిలిస్తుంది. తేల్చకపోతే తొంభై రోజుల్లోపు కమిషన్‌కు రెండో అప్పీలు. మొదటిది పెట్టనివాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. మన దగ్గర రెండు అప్పీళ్లకూ ఫీజు లేదు. ఒక జాగ్రత్త: ఆఫీసు గోడ మీద బోర్డులో ఉన్న పేరు ఎప్పుడో బదిలీ అయిన అధికారిది అయి ఉండొచ్చు, అందుకని పేరు రాయకుండా హోదా మాత్రమే రాయండి. దరఖాస్తు నకలు, పోస్టు రసీదు లేదా ఇన్‌వర్డ్ స్టాంపు ఉన్న కాపీ జతచేయండి. గడువు దాటింది కాబట్టి 7(6) ప్రకారం కాపీలు ఉచితంగా ఇవ్వాలని అందులోనే అడగండి.

హైకోర్టులో రిట్ వేయొచ్చు. కానీ ఒక బోరు లెక్క కోసం లాయరు ఫీజు భరించే శక్తి మాకు లేదు, కమిషన్ దగ్గర ఏళ్లు గడిచాక ఆలోచించాల్సిన దారి అది.

నేను అప్పీలు పెట్టిన రోజే ఇంకో పని చేశాను. కొత్త దరఖాస్తు పెట్టాను, కానీ పాత ప్రశ్నతో కాదు, సెక్షన్ 2(జె) కింద నీటి పరీక్షల రిజిస్టరు చూడనివ్వమని. మండల స్థాయి ఆఫీసుకు ఐదు రూపాయలు, జిల్లా స్థాయికి పది, గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు. రికార్డు చూసుకోవడానికి మొదటి గంట ఉచితం. నన్నడిగితే అప్పీలు, తనిఖీ రెండూ ఒకేసారి పెట్టడమే మేలు. అప్పీలు మీ హక్కును బతికిస్తుంది, తనిఖీ మీ కళ్లకు చూపిస్తుంది. కాపీలు తీసే తీరిక లేదనే ఆఫీసు కూడా, వచ్చి చూసుకుంటానంటే కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

మూడు వారాలకు పిలుపొచ్చింది. అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టిన రిజిస్టరు టేబుల్ మీద పెట్టారు. మా ఊరి పేజీలో మూడు వరుసలున్నాయి. బడి పక్క బోరు ఎదురుగా నీలి సిరాతో 2.1 అని ఉంది. మిగతా రెండు వరుసల్లో తేదీ లేదు, అంకె లేదు, సంతకం మాత్రం మూడింటికీ కలిపి ఒకటే. జవాబు ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది, ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఉన్నది అంతే. కాపీ మాత్రమే అడిగి ఉంటే "రికార్డు లేదు" అని ఒక వాక్యం వచ్చేదేమో. ఆ పేజీకి ధ్రువీకరించిన నకలు అడిగాను, అప్పీలు విచారణ ముందు రోజు స్టాంపు వేసి ఇచ్చారు, రుసుము తీసుకోలేదు.

ఇప్పుడు నాకు కావాల్సింది కాగితం కాదు, పని. ఆ రెండు బోర్లకు పరీక్ష చేయించాలి, బడి పక్క బోరు హ్యాండిల్ తీసేయించాలి. ఆ నకలు జతచేసి అర్జీ రాసుకున్నాను, వచ్చే సోమవారం నల్గొండ కలెక్టరేట్‌కు ఊరి నుంచి ఆరుగురం కలిసి పోతున్నాం.