టిఫిన్ తినడమా, మానడమా, రాత్రి అన్నం తగ్గించడమా: బరువు తగ్గాలంటే ఏది మేలు?

మా ఆయన జనవరిలో టిఫిన్ మానేశారు. ఆఫీసులో ఒకాయన ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారట. ఎలా అని అడిగితే "పొద్దున ఏమీ తినను" అన్నారట. అంతే, మర్నాటి నుంచి మా ఇడ్లీ పాత్రలో సగం గుంటలు ఖాళీ. నేను మాత్రం మానలేదు. పొద్దున్నే లేచి రెండు గంటలు వంటింట్లో నిలబడ్డాక ఎనిమిదిన్నరకి ఆకలి వేయకపోతేనే ఆశ్చర్యం. అలా ఒకే ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. పది వారాలకి ఆయన కిలోంపావు తగ్గారు, నేను కిలో. "చూశావా, పావు కిలో నాదే పైచేయి" అన్నారు. "ఏమండీ, ఆ పావు కిలో తేడా మన తూకం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కినా చూపిస్తుంది" అన్నాను.

పందెం తేలలేదు. తేలకపోవడంలో వింతేం లేదని తర్వాత చదివితే తెలిసింది.

ముందు తినాలనేవాళ్ల మాట చూద్దాం. పొద్దున తినకపోతే లావెక్కుతారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ మాటకి ఆధారం సర్వేలు. జనాన్ని అడిగి రాసుకుంటే, పొద్దున తినేవాళ్లు కాస్త సన్నగా, తిననివాళ్లు కాస్త లావుగా కనిపిస్తారు. బాగా బరువు తగ్గి, తగ్గిన బరువుని నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ ఒకటి అమెరికాలో 1994లో మొదలైంది. అందులో 78 శాతం మంది రోజూ పొద్దున తింటామన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆ జాబితాలో చాలామంది రోజుకో గంట వ్యాయామం చేసేవాళ్లు, వారానికోసారైనా తూకం ఎక్కేవాళ్లు. రోజంతా ఒక పద్ధతిలో గడిపే మనిషి టిఫిన్ కూడా పద్ధతిగానే తింటాడు. వీధిలో గొడుగులు ఎక్కువ కనబడిన రోజే వాన పడుతోంది కదా అని, గొడుగుల వల్లే వాన వచ్చిందనలేం.

పనిలో పనిగా ఇంకో మాట. పొద్దుటి తిండే అన్నిటికంటే ముఖ్యమన్న మాట 1917లో ఒక అమెరికన్ ఆరోగ్య పత్రికలో కనిపిస్తుంది. ఆ పత్రిక సంపాదకుడు జాన్ హార్వీ కెల్లాగ్, కార్న్‌ఫ్లేక్స్ కథలో వచ్చే కెల్లాగ్ ఈయనే. అందుకని మాట అబద్ధమైపోదు గానీ, ఎవరింట్లో పుట్టిందో తెలిసి ఉండటం మంచిది.

సర్వేలు పక్కన పెట్టి, మనుషుల్ని చీట్లు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి చూసిన ప్రయోగాలున్నాయి. 2014లో వచ్చిన ఒకదాంట్లో, బరువు తగ్గాలనుకునే దాదాపు 300 మందిలో కొందరికి పొద్దున తినమని, కొందరికి తినొద్దని చెప్పి 16 వారాలు చూశారు. తేడా లేదు. 2019లో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి 13 ప్రయోగాల్ని కలిపి చూసి బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు. పొద్దున తిన్నవాళ్లు రోజు మొత్తానికి సగటున 260 కేలరీలు ఎక్కువ తిన్నారు, మానేసినవాళ్ల కంటే 0.44 కిలో ఎక్కువ బరువు తూగారు. అరకిలో కూడా లేదు. పైగా ఆ ప్రయోగాల్లో చాలావరకు కొద్ది వారాలవే, నాణ్యత కూడా అంతంతమాత్రమేనని వాళ్లే రాశారు. నాకు అర్థమైంది ఒక్కటే: తింటే సన్నబడతారన్నదానికి ఆధారం లేదు, మానితే లావెక్కుతారన్నదానికీ లేదు.

మరి మా ఆయన గెలిచినట్టేనా?

లెక్క ప్రకారం గెలవాలి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఒక చిన్న ప్రయోగం చేశారు. పొద్దున తినని రోజు మధ్యాహ్నం బాగా లాగించేస్తారని మనం అనుకుంటాం కదా, వాళ్లు ఎక్కువ తిన్నది 144 కేలరీలే. పోయినదాంట్లో నాలుగో వంతు కూడా తిరిగి రాలేదు, సాయంత్రానికి ఇంకా 400 కేలరీలు మిగులే. ఇలా రోజూ మిగిలితే నెల తిరిగేసరికి కిలోన్నర వరకు దిగాలి. ఇంట్లో దిగలేదు. ఎందుకని చూస్తే, మానేసిన టిఫిన్ ఎక్కడికీ పోలేదు. పదకొండింటికి ఆఫీసు క్యాంటీన్‌లో టీ, టీతో పాటు రెండు ఉస్మానియా బిస్కెట్లు. "ఆకలికి కాదు, నోట్లోకి ఏదో ఒకటి" అంటారు. శుక్రవారం ఎవరో ఒకరు సమోసాలు తెప్పిస్తారు, "నేను ఫాస్టింగ్" అని చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుండదట. ఇంకో లొసుగు పొద్దుటి కాఫీ. "టిఫిన్ మానేశాను, ఉత్త కాఫీ" అంటారు గానీ, అది గ్లాసుడు చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార. పంచదార ఒక్కటే 40 కేలరీలు. అలాంటివి రెండు తాగితే మూడు ఇడ్లీలు తిన్నదానికంటే ఎక్కువే.

కంటికి కనిపించని లెక్క ఇంకొకటుంది. ఇంగ్లండ్‌లో బాత్ యూనివర్సిటీ వాళ్లు సన్నగా ఉన్న 33 మందిని ఆరు వారాలు గమనించారు. ఒక గుంపు పదకొండు లోపు 700 కేలరీలు తినాలి, ఇంకో గుంపు మధ్యాహ్నం దాకా మంచినీళ్లే. బరువులో తేడా రాలేదు. కానీ తిన్నవాళ్లు అటూ ఇటూ ఎక్కువ తిరిగారు, తిననివాళ్లు తమకే తెలియకుండా కదలిక తగ్గించేశారు. ఇది చదివాక మా ఆయన్ని గమనించాను. మెట్లెక్కే మనిషి లిఫ్ట్ దగ్గర నిలబడుతున్నారు. ఆదివారం పొద్దుటి నడక "ఎండ తగ్గాక వెళ్దాంలే" దగ్గరే ఆగిపోతోంది.

ఇప్పుడు అందరి నోటా వినిపించే 16:8, అంటే పదహారు గంటలు ఖాళీ కడుపు, ఎనిమిది గంటల్లో తిండి, దాన్నీ పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 116 మంది మీద 12 వారాలు చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపు మాత్రమే తిన్నవాళ్లు 0.94 కిలో తగ్గారు, మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలో. దాన్ని తేడా అనడానికి లేదన్నారు. పైగా కొందరిని విడిగా పరీక్షిస్తే, తగ్గిన బరువులో కొవ్వు కంటే కండ వాటా ఎక్కువగా కనిపించింది. నలభై దాటినవాళ్లు దీని గురించి ఆలోచించాలి. మనకి కండ అసలే తక్కువ, పోగొట్టుకున్నది తిరిగి రావడం కష్టం.

అలాగని మానడం తప్పని నేననను. మా తాతగారి ఇంట్లో టిఫిన్ అంటే చుట్టాలొచ్చినప్పుడో, పండగ పూటో. మిగతా రోజుల్లో పొద్దున్నే ఓ గ్లాసు మజ్జిగో, పిల్లలకి పెరుగూ ఉల్లిపాయతో చద్దన్నమో. పెద్దవాళ్లు పదింటికి అన్నం తిని పనికి వెళ్లేవాళ్లు, దీపాలు పెట్టిన కాసేపటికి మళ్లీ అన్నం. అంటే ఆ మజ్జిగ పక్కన పెడితే, వాళ్లు కూడా ఇంచుమించు పది గంటల్లోనే తిండి ముగించేవాళ్లు, పేరొక్కటే లేదు. తేడా ఎక్కడుందంటే, మా ఆయన మానిన పూట పొద్దుటిదే గానీ, తినడం ఆపే వేళ మారలేదు. మా రాత్రి భోజనం అప్పుడు కూడా తొమ్మిదిన్నరకే, టీవీ ముందే.

అందుకే మూడో దారి, అంటే రాత్రి తిండి తగ్గించడం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నా మొగ్గు అటే కాబట్టి.

2013లో ఇజ్రాయెల్‌లో లావుగా ఉన్న 93 మంది ఆడవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. అందరికీ రోజుకి 1400 కేలరీలే. సగం మందికి పొద్దున 700, మధ్యాహ్నం 500, రాత్రి 200. మిగతా సగానికి తిరగేసి, పొద్దున 200, రాత్రి 700. పన్నెండు వారాలకి పొద్దున ఎక్కువ తిన్నవాళ్లు 8.7 కిలోలు తగ్గితే, రాత్రి ఎక్కువ తిన్నవాళ్లు 3.6 కిలోలే తగ్గారు. ఇది చదవగానే గెంతులేశాను, ఆయనకి గట్టిగా చదివి వినిపించాను కూడా. తర్వాత 2022లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో చేసినదాని గురించి చదివి కాస్త తగ్గాను. అక్కడ ముప్పై మందికి తిండంతా ప్రయోగం చేసినవాళ్లే తూచి ఇచ్చారు. నాలుగు వారాలు పొద్దున ఎక్కువ, నాలుగు వారాలు రాత్రి ఎక్కువ. రెండిట్లోనూ మూడు కిలోల పైచిలుకు, సమానంగా తగ్గారు. అంటే అదే తిండి పొద్దున తింటే ఒంట్లో ఎక్కువ కరిగిపోతుందన్న మాయేమీ లేదు. కానీ పొద్దున ఎక్కువ తిన్న రోజుల్లో ఆకలి తక్కువ వేసిందన్నారు.

ఆ చివరి ముక్క నాకు పనికొచ్చింది. తిండి తూచి ఇచ్చేచోట ఆకలితో పనిలేదు, ఇచ్చింది తిని ఊరుకోవాలి. మనింట్లో ఎవరూ తూచి పెట్టరు. రాత్రి ఎనిమిదికి కడుపు కాలుతూ ఉంటే చెయ్యి జంతికల డబ్బా మీదికి పోతుంది, అన్నం ఒక గరిటె ఎక్కువ పడుతుంది, ఆఖర్న పెరుగన్నం ఆవకాయతో ఇంకో రెండు ముద్దలు. సీరియల్ చూస్తూ తింటే ఎన్ని ముద్దలు తిన్నామో లెక్కుండదు. పొద్దున టిఫిన్‌కి ఆఫీసు టైమ్ అడ్డొస్తుంది కాబట్టి అది ఎటూ ఎక్కువ తినలేం. రాత్రి భోజనానికి అడ్డే లేదు. మన ఇళ్లలో కోత పెట్టడానికి జాగా ఉన్న పూట అదే.

ఇక తినే పక్షమైతే, ఏం తింటున్నామన్నది ఇంకా పెద్ద సంగతి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది, తేలిక అనుకుంటాం. నిజమే, నాలుగు ఇడ్లీలు దాదాపు 220 కేలరీలు. ఒకరోజు చట్నీ సంగతేమిటో చూద్దామని వంటింటి తూకం తీశాను. నలుగురికి అని నేను వేయించే పల్లీలు 120 గ్రాములు తూగాయి. పల్లీలే దగ్గర దగ్గర 680 కేలరీలు. పోపులో రెండు చెంచాల నూనె ఇంకో 80. నాలుగు వాటాలేస్తే మనిషికి 190. అంటే ఇడ్లీ ఎంతో చట్నీ కూడా ఇంచుమించు అంతే. అందులోనూ మా ఇంట్లో నాలుగు వాటాలు సమానంగా ఉండవు, చట్నీలో ఇడ్లీ నంజుకునేవాళ్లు ఉన్నారు, ఇడ్లీతో చట్నీ తాగేవాళ్లు ఉన్నారు. కారప్పొడిలో నెయ్యి వేసుకుంటే చెంచాకి 45. చట్నీ మానమనను, పల్లీల్లో ప్రొటీన్ ఉంది. సగం పల్లీలు తీసేసి టమాటానో దోసకాయో వేసి రోటి పచ్చడిలా చేస్తే గిన్నె నిండుతుంది, లెక్కా తగ్గుతుంది.

ఆకలి ఆపడంలో నా ఓటు పెసరట్టుకే. మా కొలతకి రెండు అట్లకి 60 గ్రాముల పెసలు పడతాయి, అందులో 14 గ్రాముల ప్రొటీన్. నాలుగు ఇడ్లీల్లో ఆరేడు గ్రాములే. పెసరట్టు తిన్న రోజు ఒంటిగంట దాకా నాకు తిండి ధ్యాస ఉండదు, ఉత్త ఉప్మా తిన్న రోజు పదకొండుకే గడియారం వైపు చూపు. అయితే లోపల ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేశారో, లెక్క మొదటికొస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పొద్దున్నే పెసలు రుబ్బడం కుదరదంటారా, రెండు ఉడికించిన గుడ్లు, ఒక జొన్నరొట్టె. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్. పూరీ గురించి వేరే చెప్పక్కర్లేదు. మైసూర్ బజ్జీ టిఫిన్ కాదు, అది సరదా.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కేలరీల్లో చిరుధాన్యాలతో సహా ధాన్యాల వాటా 45 శాతం మించొద్దని ఉంది. మన పళ్లెం గుర్తు చేసుకోండి. పొద్దున బియ్యపు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. ఇందులో ఒక పూట మానేసినా మిగతా రెండూ బియ్యమే.

ఈ మానడం, తినడం ఆటలు అందరికీ కావు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ టిఫిన్ ఎగ్గొడితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, ప్రమాదం కూడా. డాక్టర్‌ని అడిగి మందు మార్చుకున్నాకే ఏదైనా. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఉపవాస ప్రయోగాలు వద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు తిన్నా మానినా, మాత్రకీ కాఫీకీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంచాలి.

ఇన్ని చెప్పినా, పొద్దున పదకొండు దాకా నిజంగా ఆకలే వెయ్యని మనుషులుంటారు. మా చెల్లెలు అలాంటిదే. దానికి బలవంతంగా టిఫిన్ పెడితే 300 కేలరీలు అదనంగా పోసినట్టే, మధ్యాహ్నం ఏమీ తగ్గించదు. అలాంటివాళ్లకి మానడమే మేలు. నాలాగా ఎనిమిదిన్నరకి కడుపులో కరకరలాడేవాళ్లకి తినడం మేలు. మా ఆయన రెండిటికీ మధ్యలో ఉన్నారని నా అనుమానం. ఆకలి ఉంది, పంతం కూడా ఉంది.

మార్చి నుంచి ఒక ఒప్పందానికొచ్చాం. ఆయన మూడు ఇడ్లీలో ఒక పెసరట్టో తింటారు, పదకొండింటి బిస్కెట్లు బంద్. రాత్రి భోజనం ఎనిమిదికల్లా, టీవీ లేకుండా, అన్నం ఒక గరిటె, కూర రెండు గరిటెలు. మొదటి వారం ఎనిమిదిన్నరకి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏం చెయ్యాలో తోచక, చివరికి కిందకెళ్లి కాలనీ చుట్టూ రెండు రౌండ్లు తిరిగొచ్చాం. మొన్న తూకం ఎక్కితే ఇంకో కిలోన్నర తగ్గారు. ఆ ముక్క ఆఫీసులో ఎలా చెప్పారో తెలుసా? "పొద్దున టిఫిన్ మొదలుపెట్టాను" అన్నారట.