సీఎఫ్‌కు పీఐని ఎందుకు కలపాలి? ఒంగోలులోని ఒక డిగ్రీ లెక్కల ట్యూషన్ గురించి

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక మందుల దుకాణం మేడ మీద, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గంటల వరకు డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెప్పే గది ఒకటి ఉంది. బయట బోర్డు లేదు, ఊళ్లో కరపత్రాలు పంచరు. లోపల పదవీ విరమణ చేసిన అధ్యాపకుడొకరు, గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరచుకున్న నల్లబల్ల, ఇరవై మందికి సరిపడే బెంచీలు, అంతే. డిగ్రీ పూర్తిచేసి పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న రోజుల్లో నేనక్కడ మూడు నెలలు చదువుకున్నాను. నెలకు 1,200 రూపాయలు కట్టాను. ఆ డబ్బుకు నాకు దక్కినదేమిటో, దక్కనిదేమిటో చేరదలచినవారికి తెలియాలని ఇది రాస్తున్నాను.

మా బ్యాచ్‌కు మొదటి సెమిస్టరులో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రెండో సెమిస్టరులో త్రిపరిమాణ జ్యామితి, మూడో సెమిస్టరులో గ్రూపులు, రింగులు ఉన్న ఆల్జీబ్రా, నాలుగో సెమిస్టరులో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రెండూ ఉండేవి. నేను చదివిన కళాశాలలో ఒక్కో పేపరు ఒక్కొక్కరు చెప్పేవారు. ఒకరి పేపరు ఊసు మరొకరి తరగతిలో పొరపాటున కూడా వచ్చేది కాదు. పరీక్ష రాసిన మర్నాడే ఆ పుస్తకాన్ని సగం ధరకు జూనియర్లకు అమ్మేసేవాళ్లం. మార్కులు బాగానే వచ్చాయి గానీ, ఏ పేపరు దేని మీద నిలబడిందని ఎవరైనా అడిగితే నీళ్లు నమలవలసిన స్థితిలోనే పట్టా పుచ్చుకున్నాను.

మొదటి సాయంత్రం మాస్టారు బల్ల మీద రాసినది మొదటి సెమిస్టరు పిల్లలు కూడా చేయగలిగిన లెక్క. వై యొక్క రెండో అవకలజానికి (డెరివేటివ్‌కు) వైని కలిపితే ఎక్స్ రావాలి, వై ఏమిటి? అందరమూ నిమిషంలో రాసేశాం. కాంప్లిమెంటరీ ఫంక్షన్ (సీఎఫ్) సి1 కాస్ ఎక్స్ + సి2 సైన్ ఎక్స్, పర్టిక్యులర్ ఇంటిగ్రల్ (పీఐ) ఎక్స్, రెండూ కలిపితే జవాబు. ఆయన ఆ రెంటి మధ్యనున్న కూడిక గుర్తు చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి, "ఏంది నాయనా, ఈ రెండిటినీ ఎందుకు కలపాల?" అని అడిగారు. చీమకుర్తి బస్సులో వచ్చే అబ్బాయి "ఫార్ములా అదే గదా సార్" అన్నాడు. "అదే ఎందుకయింది?" అన్నారాయన. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు ఆ గదిలో లేరు.

అప్పుడాయన ఆ లెక్కను అలాగే ఉంచి, పక్కన ఎక్స్ + 2వై = 4 అని రాసి గీత గీశారు. కుడివైపు 4 బదులు 0 పెడితే వచ్చే గీత మూలబిందువు గుండా పోతుంది. దాని మీది బిందువులన్నీ (-2, 1)కి గుణిజాలు. మన సమీకరణానికి (4, 0) ఒక జవాబు. ఈ ఒక్క జవాబుకు సున్నా గీత మీది బిందువులన్నిటినీ కలిపితే మిగిలిన జవాబులన్నీ వచ్చేస్తాయి. సున్నా గీతను కదిపి (4, 0) దగ్గరికి జరిపినట్లన్నమాట. ఇది లీనియర్ ఆల్జీబ్రా. ఆ కిందనే, 5తో భాగిస్తే 3 శేషంగా వచ్చే పూర్ణాంకాలు ఏవని అడిగి, 3కు 5 గుణిజాలన్నిటినీ కలిపినవని మా చేతనే చెప్పించారు. ఇది మూడో సెమిస్టరులో మేము నిర్వచనం మాత్రం బట్టీ పట్టిన సహసమితి, అంటే కోసెట్. మూడు లెక్కలనూ ఒకదాని కింద ఒకటి రాసిన తరువాత, సున్నాకు పోయేవన్నీ కలిసి కెర్నల్, కుడివైపున ఉన్నదాన్ని ఇచ్చే జవాబు ఒక్కటి దొరికితే చాలు, దానికి కెర్నల్‌ను జతచేస్తే జవాబులన్నీ దొరుకుతాయని ఒకే వాక్యం మూడింటికీ సరిపోయింది. సీఎఫ్ అని మేము రెండున్నరేళ్లుగా పిలుస్తున్నది కెర్నల్‌నేనని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. నాకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చిన మాట నిజం.

మరుసటి వారమంతా ఆయన అదే లెక్కలోని సి1, సి2ల మీదే గడిపారు. స్థిరాంకాలు రెండే ఎందుకు, మూడోది ఎందుకు ఉండకూడదు? రెండో ఆర్డరు సమీకరణం గనుక రెండు అన్నది మా జవాబు. అది నిరూపణ కాదని ఆయన కొట్టిపారేశారు. కుడివైపు ఎక్స్ బదులు సున్నా పెట్టినప్పుడు, సున్నా దగ్గర విలువా సున్నాయై, అవకలజమూ సున్నాయై ఉన్న పరిష్కారం అంతటా సున్నాయేనని చూపిస్తే చాలు. దానికి వై వర్గానికి వై అవకలజ వర్గాన్ని కలిపి అవకలనం చేయమన్నారు. చేస్తే, సమీకరణం వల్ల అంతా కొట్టుకుపోయి సున్నా మిగిలింది. అవకలజం సున్నా గనుక ఆ మొత్తం స్థిరం, మొదట్లో సున్నా గనుక ఎప్పుడూ సున్నాయే, రెండు వర్గాల మొత్తం సున్నా గనుక వై కూడా సున్నాయే. చాలా ముచ్చటైన నిరూపణ. అయితే ఆయన అక్కడితో వదలలేదు. అవకలజం సున్నా అయితే ప్రమేయం (ఫంక్షన్) స్థిరమేనని ఎవరు చెప్పారని అడిగారు. అది మధ్యమ మూల్య సిద్ధాంతం (మీన్ వాల్యూ థీరమ్) నుంచి వస్తుంది. ఆ సిద్ధాంతానికి రోల్ సిద్ధాంతం కావాలి, రోల్‌కు సంవృత అంతరంలోని, అంటే రెండు చివరలూ కలిసిన అంతరంలోని, అవిచ్ఛిన్న (కంటిన్యూయస్) ప్రమేయం తన గరిష్ఠ విలువను అందుకుంటుందన్న ఫలితం కావాలి, దానికి వాస్తవ సంఖ్యల పరిపూర్ణత, అంటే సంఖ్యారేఖలో ఎక్కడా చిల్లు లేకపోవడం, కావాలి. రియల్ అనాలిసిస్‌లో మొదటి అధ్యాయం అది. పరీక్షలో ఛాయిస్‌లో వదిలేయవచ్చునని మా సీనియర్లు చెప్పగా మేము నిజంగానే వదిలేసిన అధ్యాయం.

పరిపూర్ణత లేకపోతే ఏమవుతుందో కూడా ఆయన చూపించారు. అకరణీయ సంఖ్యలు (పూర్ణాంకాల భిన్నాలుగా రాయగలవి) మాత్రమే ఉన్న లోకంలో, వర్గం 2 కన్నా తక్కువైన సంఖ్యలకు 0, ఎక్కువైన సంఖ్యలకు 1 ఇచ్చే ప్రమేయాన్ని తీసుకోమన్నారు. వర్గం సరిగ్గా 2 అయ్యే అకరణీయ సంఖ్య లేదు గనుక, ఆ లోకంలో ఆ ప్రమేయం ప్రతిచోటా అవిచ్ఛిన్నమే, దాని అవకలజం ప్రతిచోటా సున్నాయే, అయినా అది స్థిరం కాదు. సంఖ్యారేఖ మీద కంటికి కనబడని ఆ చిల్లును పూడ్చకపోతే మొదటి సెమిస్టరు లెక్కలో రెండు స్థిరాంకాలు సరిపోతాయని చెప్పడానికి ఆధారం ఉండదు. నాలుగో సెమిస్టరు పేపరు మొదటి సెమిస్టరు పేపరుకు పునాది అని ఇంతకన్నా సూటిగా చెప్పిన తరగతి నేను చూడలేదు.

అయితే సిలబస్ తలకిందులుగా ఉందా అన్న అనుమానం సహజంగానే వస్తుంది, నేనూ అడిగాను. ఆయన సిలబస్‌ను తప్పుపట్టలేదు. స్థిర గుణకాలున్న ఈ సమీకరణాలను సాధించే పద్ధతిని గణితవేత్త ఆయిలర్ 1743లో ప్రచురించారు. లీనియర్ ఆల్జీబ్రాకు మూలమైన సదిశాంతరాళానికి (వెక్టర్ స్పేస్‌కు) స్వయంసిద్ధాలతో నిర్వచనం గణితవేత్త పెయానో ఇచ్చినది 1888లో. మరో గణితవేత్త డెడెకిండ్ 1858లో జ్యూరిక్‌లో పిల్లలకు కలన గణితం చెప్పవలసి వచ్చినప్పుడే, తాను చెబుతున్నదానికి అడుగున గట్టి నేల లేదని గుర్తించి వాస్తవ సంఖ్యల సంగతి ఆలోచించారు. దాన్ని అచ్చువేసినది 1872లో. లెక్క ముందు, దాని పునాది వెనుక రావడం చరిత్రలోనే ఉంది కాబట్టి పిల్లలకూ అలా రావడంలో తప్పులేదని ఆయన వాదన. వెనక వచ్చిన పేపరు చెప్పేటప్పుడు ముందు పేపరు దగ్గరికి తిరిగి వెళ్లకపోవడమే తప్పని నా అభిప్రాయం. మా కళాశాలలో ఆ తిరిగి వెళ్లడం ఒక్కసారి కూడా జరగలేదు.

ఇక లోటుపాట్లు. నోట్సు ఇవ్వరు, పాత ప్రశ్నపత్రాలు చేయించరు. పది రోజుల్లో సెమిస్టరు పరీక్ష పెట్టుకుని ఇక్కడికి వెళ్లడం డబ్బు, సమయం రెండూ వృథా చేసుకోవడమే. త్రిపరిమాణ జ్యామితిని మూడు సాయంత్రాల్లో ముగించారు. శంకువులు, గోళాలు అన్నీ మాట్రిక్స్ ఐగెన్ విలువల్లో ఇమిడిపోతాయని చెప్పి, మిగిలినది మీరే చూసుకోండన్నారు. ఆ మాట నిజమే కావచ్చు గానీ, స్పర్శతలం లెక్క చేతితో చేయించనందువల్ల నాకు పరీక్షలో చెయ్యి తిరగలేదు. రింగుల దగ్గరా ఇదే తీరు. పూర్ణాంకాల భాగాహారానికీ, బహుపదుల భాగాహారానికీ ఉన్న పోలిక చెప్పి, ఐడియల్స్‌ను పైపైన తడిమి వదిలేశారు. ఇంటిపని ఇస్తారు, దిద్దరు. ఎండాకాలంలో ఆ గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ మాస్టారి వైపే తిరిగి ఉంటుంది.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవారికి మాత్రం ఇంకొక సౌకర్యం ఉంది. ఆయన ప్రతి పదాన్నీ రెండు భాషల్లోనూ పలుకుతారు. సదిశాంతరాళం అన్న మాట నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది, అది వేరే సంగతి; సహసమితి అనగానే మాత్రం, వెంట నడిచే సమితి అని కోసెట్ బొమ్మ కళ్లముందు కట్టింది. ప్రశ్న అడిగితే విసుక్కోరు, తెలియదంటే చులకన చేయరు, బట్టీ జవాబు చెబితే మాత్రం ఆ పూటంతా వదలరు.

నా ప్రవేశ పరీక్షలో ఈ మూడు నెలలు ఎన్ని మార్కులు పెంచాయో విడదీసి చెప్పలేను. లీనియర్ ఆల్జీబ్రా ప్రశ్నల దగ్గర ఫార్ములా కోసం వెతుక్కోకుండా కెర్నల్ ఎంత, మిగిలినది ఎంత అని ఆలోచించడం అలవాటైంది. రియల్ అనాలిసిస్ మొదటి అధ్యాయాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. మా బ్యాచ్ సిలబస్ వరుసలోనైతే మూడో సెమిస్టరు ముగిసిన సెలవుల్లో చేరడం అన్నిటికన్నా మేలనిపిస్తుంది, అప్పటికి గ్రూపులు చదివి ఉంటారు, ముందున్న రెండు పేపర్లనూ కళ్లు తెరుచుకుని చదవవచ్చు. వెళ్లేవారు మొదటి సెమిస్టరు నోటుబుక్కు అమ్మేసి ఉంటే ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని వెళ్లండి. మెట్లెక్కి లోపలికి వెళ్లగానే ఆయన తెరవమనేది దాన్నే.