డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఆరేళ్ల వాడకం: విండోస్, లైనక్స్, మ్యాక్‌లో ఒకే జబ్బుకు మూడు ముఖాలు

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అంటే హ్యాములు, అంటే సరదాకి లైసెన్సుతో రేడియో నడిపేవాళ్లు, కంప్యూటర్‌ని రేడియోకి తగిలించి చిన్న సందేశాలు పంపుకునే ప్రోగ్రాం. అందులోని ఎఫ్‌టీ8 పద్ధతిలో పంపడం, వినడం 15 సెకన్ల వంతుల్లో నడుస్తాయని హ్యాములకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఇక్కడ రాసేది ఒక్క విషయం గురించే: ఈ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో పట్టుకోవడానికి అది వదిలే ఆనవాళ్లు. విండోస్ లాప్‌టాప్, ఉబుంటు డెస్క్‌టాప్, ఒక మ్యాక్, మూడింటి మీదా ఆరేళ్లుగా నెల్లూరులో నడుపుతున్నాను. ఈ ఒక్క గుణానికే దీన్ని వదల్లేకపోతున్నాను.

ఎక్కువసార్లు పడిపోయేది ప్రోగ్రాం కాదు, దాని కింద ఉన్న యూఎస్‌బీ. అది తేలింది 21.074 మెగాహెర్ట్జ్‌లో, అంటే 15 మీటర్ల బ్యాండ్‌లో. 7.074లో, 14.074లో గంటల తరబడి నడిచినా ఏమీ కాదు. 15 మీటర్లకు మారి 50 వాట్లతో సీక్యూ (ఎవరైనా పలకండి అన్న పిలుపు) కొడితే మాత్రం రెండో మూడో వంతుకే అంతా ఆగిపోయేది. విండోస్‌లో కిటికీ తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని నిలబడేది, లేదంటే రేడియోతో మాట తెగిందని చెప్పే ‘రిగ్ కంట్రోల్ ఎర్రర్’ పెట్టె వచ్చేది. రిట్రై ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ అదే పెట్టె. మ్యాక్‌లో ఏ సందేశమూ ఉండదు. వచ్చే సంకేతాలను బొమ్మగా చూపే వాటర్‌ఫాల్ నల్లగా అయిపోతుంది, అంతే. మూడుచోట్లా లక్షణం వేరు కాబట్టి మూడు వేర్వేరు జబ్బులనుకుని, విండోస్‌లో డ్రైవర్లు మార్చడం, మ్యాక్‌లో పర్మిషన్లు వెతకడం మొదలుపెడతాం. రోజులు పోతాయి.

దారి చూపించింది లైనక్స్. టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు గీత-కే చేర్చి నడిపితే కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) మాటలు వరసగా కనిపిస్తాయి. అందులో ‘యూఎస్‌బీ డిస్‌కనెక్ట్’ అన్న వరస, దాని దగ్గర్లోనే ‘డిజేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?), రీ-ఎనేబ్లింగ్’ అన్న ఇంకో వరస. ఈఎంఐ అంటే విద్యుదయస్కాంత జోక్యం. రేడియో అలలు తీగలోకి దూరాయేమోనని కెర్నలే ప్రశ్నార్థకం పెట్టి మరీ అడుగుతోంది. ఆ బ్రాకెట్లోని మూడక్షరాలు చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

అనుమానాన్ని రుజువు చేసేది ఆల్‌.టీఎక్స్‌టీ. ఫైల్ మెనూలో ‘ఓపెన్ లాగ్ డైరెక్టరీ’ నొక్కితే ఆ ఫైలు దొరుకుతుంది. మనం పంపిన ప్రతి వంతూ టైముతో సహా అందులో ఉంటుంది. టైము యూటీసీలో (అంతర్జాతీయ సమయంలో) ఉంటుంది కాబట్టి మన టైముకి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. సెకన్లు మారవు. అందులో 144430 (అంటే 14:44:30) దగ్గర ‘టీఎక్స్’, అంటే పంపడం, అని ఉంది, కెర్నల్ లాగ్‌లో యూఎస్‌బీ ఊడింది 20:14:31కి. ఇలాంటి జంటలు నాలుగు దొరికాయి, నాలుగూ ట్రాన్స్‌మిట్ మొదలైన సెకను రెండు సెకన్లలోపే. వినేటప్పుడు ఒక్కసారీ ఊడలేదు. వినేటప్పుడు కూడా ఊడుతుంటే అది రేడియో అలల పని కాదు, కనెక్టర్‌దో కరెంటుదో. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో యూఎస్‌బీ పిన్నులకు ఉప్పుగాలికి పట్టే తుప్పు సరిగ్గా ఇలాగే ఏడిపిస్తుంది.

నమ్మకం కుదరాలంటే రెండు పరీక్షలు చాలు. యాంటెన్నా తీసి, పవర్‌ని అలలుగా వదలకుండా తనే మింగేసే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెట్టి అదే పవర్‌తో పది వంతులు పంపండి. తర్వాత యాంటెన్నా పెట్టి 5 వాట్లకు దించి పది వంతులు పంపండి. రెండిట్లోనూ పడిపోకుండా, 50 వాట్లకు యాంటెన్నాతోనే పడిపోతుంటే ప్రోగ్రాంని తిట్టాల్సిన పని లేదు.

కారణం ఎండ్-ఫెడ్ తీగ. చివరి నుంచి ఫీడ్ చేసే యాంటెన్నాకి కౌంటర్‌పాయిజ్ (కరెంటుకి తిరుగుదారి ఇచ్చే తీగ) సరిగా లేకపోతే, రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ తీగ పైతొడుగే ఆ పని చేస్తుంది. ఆ కరెంటు గదిలోకి, రేడియోకి, అక్కణ్ణుంచి యూఎస్‌బీ తీగలోకి వస్తుంది. ఎంత వస్తుందన్నది తీగల పొడవును బట్టి బ్యాండ్‌కో రకంగా మారుతుంది. అందుకే 15 మీటర్లలోనే గొడవ.

మందు: ఎఫ్‌టీ240 సైజు, 31 మిక్స్ రకం ఫెర్రైట్ రింగు (ఇలాంటి దారితప్పిన కరెంటుకి అడ్డుపడేది) మీద ఆర్‌జీ-58 కోయాక్స్ 12 చుట్లు చుట్టి, కోయాక్స్ గదిలోకి వచ్చేచోట పెట్టాలి. యూఎస్‌బీ తీగని మీటరులోపుకి కుదించి ఇంకో రింగులోంచి ఆరుసార్లు తిప్పాలి. బజార్లో దొరికే క్లిప్-ఆన్ పూస ఒక్కటి తగిలిస్తే 21 మెగాహెర్ట్జ్‌లో దాదాపు ఫలితం ఉండదు. ఆ కరెంటుకి పడే అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది, ఒక్క చుట్టు ఏ మూలకీ చాలదు. మిగిలిన తీగని ఫెర్రైట్ లేకుండా ఊరికే చుట్టగా చుట్టి పక్కన పడేయొద్దు, అది కూడా యాంటెన్నాయే.

ఒక జాగ్రత్త మాత్రం అందరూ తీసుకోవాలి. క్యాట్ కమాండ్‌తో పీటీటీ వాడుతుంటే (అంటే ‘పంపు’, ‘ఆపు’ అన్న మాటలు కంప్యూటర్ నుంచి తీగలోనే రేడియోకి వెళ్తుంటే), పంపుతుండగా యూఎస్‌బీ ఊడినప్పుడు ‘ఇక ఆపు’ అన్న మాట రేడియోకి చేరదు, అది పంపుతూనే ఉంటుంది. ఎక్కువసేపు పంపకుండా ఆపే, ప్రోగ్రాంలోని టీఎక్స్ వాచ్‌డాగ్ అప్పుడు అక్కరకు రాదు, దాని మాటా అదే తీగలో వెళ్లాలి. రేడియో మెనూలో టైమ్-అవుట్ టైమర్ ఉంటే కచ్చితంగా ఆన్ చేసుకోండి.

మిగతా గొడవలు చిన్నవి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి యూఎస్‌బీ రూట్ హబ్‌కి కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్కు తీసేయండి. తీగ వేరే పోర్టులో పెడితే సౌండ్ కార్డు పేరు ముందు ‘2-’ చేరుతుంది, సెట్టింగ్స్‌లో మళ్లీ ఎంచుకోవాలి. ‘సబ్‌ప్రాసెస్ ఫెయిల్డ్’ అని వస్తే పడింది కిటికీ కాదు, వెనక డీకోడ్ చేసే జేటీ9. యాంటీవైరస్ దాన్ని పక్కన పడేసిందేమో చూడండి. లేకపోతే లాగ్ డైరెక్టరీలో జేటీ9_విజ్‌డమ్.డాట్ చెరిపేసి మళ్లీ తెరవండి, అది తనే కొత్తది రాసుకుంటుంది.

ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ (యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చేది) ఉన్న తీగ పెట్టగానే పోర్టు మాయమైతే, బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం దాన్ని లాక్కుంటోంది. ఇంట్లో బ్రెయిలీ పరికరం వాడేవాళ్లు లేకపోతేనే ఆ ప్యాకేజీ తీసేయండి. పోర్టు వాడే అనుమతి కోసం యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి లాగవుట్ అయి రావాలి. పోర్టు టీటీవైయూఎస్‌బీ0 అని రాసుకుంటే ఒకసారి ఊడి తగులుకున్నాక అది 1 అవుతుంది. డెవ్, సీరియల్, బై-ఐడీ కింద ఉండే పొడుగు పేరు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. మ్యాక్‌లో తెరవగానే ‘షేర్డ్ మెమరీ’ గురించి ఫిర్యాదు చేస్తే, ఆ సిస్టమ్ మామూలుగా ఇచ్చే 4 ఎంబీ దీనికి చాలదు. ప్రోగ్రాంతో వచ్చే ప్లిస్ట్ ఫైలుని రీడ్‌మీలో చెప్పినట్టు లాంచ్‌డెమన్స్ ఫోల్డర్లో పెట్టి రీస్టార్ట్ చేయాలి. మైక్రోఫోన్ అనుమతి కూడా ఇవ్వాలి.

ఏ సిస్టమ్‌లోనైనా, సెట్టింగ్స్ చెడ్డాయా లేక ఇంకేమైనానా అని తేల్చడానికి నాకు బాగా నచ్చింది రిగ్-నేమ్ ఆప్షన్. ప్రోగ్రాం పేరు తర్వాత రెండు గీతలు, రిగ్-నేమ్, సమానం గుర్తు, ఏదో ఒక పేరు కొడితే పాత సెట్టింగ్స్‌ని ముట్టుకోకుండా ఖాళీ సెట్టింగ్స్‌తో తెరుచుకుంటుంది. అందులోనూ పడిపోతే తప్పు సెట్టింగ్స్‌ది కాదు. కాల్‌సైన్ (స్టేషన్ పేరు), గ్రిడ్ (మనం ఉన్న చోటుని చెప్పే కోడ్) మళ్లీ కొట్టుకోవాలి, మన దగ్గర గ్రిడ్ జాగ్రత్తగా చూసుకోవాలి. 80 డిగ్రీల రేఖాంశం నెల్లూరుకి తూర్పున ఆనుకునే వెళ్తుంది. ఊళ్లో ఎంకే94, మైపాడు బీచ్‌లో ఎన్‌కే04. ఒంగోలు ఎన్‌కే05.

అయితే ఆనవాళ్లు వదులుతుందని మొదట మెచ్చుకున్నదానికి ఖరీదూ ఉంది. రిగ్-నేమ్‌తో చేసిన కాంటాక్టులు వేరే ఫోల్డర్లో వేరే లాగ్‌కి పోతాయి, ఆ కాంటాక్టులు ఉండే ఏడీఐ ఫైలుని మనమే అసలు లాగ్‌లో కలుపుకోవాలి. ఆల్‌.టీఎక్స్‌టీ పట్టించుకోకపోతే పెరుగుతూనే ఉంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై చిన్న కార్డు మీద నడిపేవాళ్లకి అదే ఒకరోజు కార్డు నింపేసి క్రాష్‌కి కారణమవుతుంది. ఫైల్ మెనూలో ‘ఎరేజ్’ ఉంది, చెరిపేముందు కాపీ తీసుకోండి. కెర్నల్ అడిగే ఆ ‘ఈఎంఐ?’ కూడా ప్రతిసారీ రాదు, వచ్చినా ఒక్కోసారి అసలు కారణం హబ్‌కి కరెంటు చాలకపోవడమే.

నా వరకు లైనక్స్‌లోనే ఉంటాను, విండోస్ లాప్‌టాప్ బయటికి తీసుకెళ్లడానికి. నాది మేడ మీద ఎత్తు లేని ఎండ్-ఫెడ్, కోయాక్స్ పొడుగు. మంచి డైపోల్ (మధ్యలోంచి ఫీడ్ చేసే యాంటెన్నా), కోయాక్స్ పైతొడుగు మీదికి కరెంటు రాకుండా చూసే బాలన్ ఉన్నవాళ్లకి ఈ 15 మీటర్ల గొడవ అసలు తెలియకపోవచ్చు. రొయ్యల గుంటల పక్కన ఉండేవాళ్లకి పంపడం కన్నా ఏరియేటర్ మోటార్ల రొద మధ్య వినడమే పెద్ద సమస్య, దానికి ఈ ఫెర్రైట్లు కొంతవరకే. రింగులు కొనేముందు డమ్మీ లోడ్ పరీక్ష ఒక్కటి చేసి చూడండి.