చిన్న విమానాలకు ట్రాఫిక్ రిసీవర్: కొనవచ్చు, నమ్ముకుని కూర్చోకూడదు

ఈ రిసీవర్‌ను విమానం కిటికీ అద్దానికి అంటించి ట్యాబ్‌కు కలిపితే చాలు. 1090 మెగాహెర్ట్జ్‌లో చుట్టూ ఉన్న విమానాలు ప్రసారం చేసే స్థానం, ఎత్తు, వేగం మ్యాప్ మీద కనిపిస్తాయి. బ్యాటరీ బాగుంది, ఎండలో మాత్రం పెట్టె విపరీతంగా వేడెక్కుతుంది.

మొదట్లో నా విమానాన్నే పరాయి విమానంగా చూపి అదేపనిగా హెచ్చరించింది. నా ట్రాన్స్‌పాండర్ (విమానం వివరాలను రేడియోలో ప్రసారం చేసే పరికరం) గుర్తింపు కోడ్ నమోదు చేశాక ఆగింది. ఆ సంగతి సూచనల పుస్తకంలో ఎక్కడో చివర ఉంది, ముందు పేజీలోనే చెప్పి ఉండాల్సింది!

నా అసలు గొడవ తెర మీద కనిపించని విమానాలతో. ఏడీఎస్-బీ ప్రసారం (పైన చెప్పిన స్థానం, ఎత్తు, వేగాల ప్రసారం) లేని గ్లైడరు దీని లెక్కలో లేనట్టే. మన విమానం లోహపు రెక్క అడ్డొచ్చినా సంకేతం తప్పిపోవచ్చు. అందుకే తెర ఖాళీగా ఉందని బయటికి చూడటం మానేవారికి దీన్ని సిఫారసు చేయను.

కొందరు దీన్ని టీకాస్‌తో, అంటే పెద్ద విమానాల్లో ఉండే ఢీ నివారణ వ్యవస్థతో పోలుస్తున్నారు. తప్పు. టీకాస్ రెండు విమానాల మధ్య సమన్వయం చేసి ఒకదాన్ని ఎక్కమని, రెండోదాన్ని దిగమని చెబుతుంది. 2002లో జర్మనీలోని యూబర్‌లింగెన్ గగనతలంలో ఒక విమానం సిబ్బంది టీకాస్ ఎక్కమంటున్నా నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మాట ప్రకారం దిగారు. రెండు విమానాలూ ఢీకొని 71 మంది చనిపోయారు. ఈ పెట్టె అలాంటి ఆదేశమేదీ ఇవ్వదు. కాబట్టి నియమాలు మనమే పాటించాలి: ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి, దారులు కలుస్తుంటే కుడివైపు విమానానికి దారి వదలాలి. ఢీకొనకుండా తప్పించే బాధ్యత పైలట్‌దే, తయారీదారుడిది కాదు.

ఐదుకు మూడున్నర. వేడి తగ్గిస్తే నాలుగు ఇస్తాను.