బీటిల్స్ నాలుగు ఎడ్ సలివన్ షోలు, డీవీడీ సెట్: పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆ గంట మాత్రం ఇందులోనే

జాన్, పాల్, జార్జ్, రింగో అనే నలుగురి ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్. వాళ్ల పాటల కోసమే అయితే ఈ డీవీడీలు కొనక్కర్లేదు. ఫోన్‌లో పేరు కొడితే ప్రతి పాటా వచ్చేస్తుంది. కాకపోతే వచ్చేది ముక్క. రెండున్నర నిమిషాల ముక్క చూసి, 1964 ఫిబ్రవరి 9 ఆదివారం రాత్రి ఎడ్ సలివన్ నడిపే రకరకాల కళాకారుల టీవీ షోలో వాళ్లు మొదటిసారి పాడినప్పుడు, అమెరికాలో టీవీ ముందు కూర్చున్న పిల్లలకి ఏమైందో తెలుసుకోలేం. ఆ రాత్రి చూశాకే సంగీతం మా దారి అనుకున్నామని టామ్ పెటీ, బిల్లీ జోయెల్ లాంటి పెద్ద అమెరికన్ గాయకులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. అప్పటికి పెటీకి పదమూడేళ్లు, జోయెల్‌కి పద్నాలుగు. పేరు లేని మామూలు అభిమానులు వేలమంది కూడా ఇదే మాట చెబుతారు. ఏ సోఫాలో కూర్చున్నారో, నాన్న ఏమని విసుక్కున్నాడో కూడా వాళ్లకి గుర్తే. ఒక టీవీ కార్యక్రమం ఇంతలా ఎందుకు గుర్తుండిపోయిందో నాకు ఈ సెట్ చూశాకే తెలిసింది.

'ది 4 కంప్లీట్ ఎడ్ సలివన్ షోస్ స్టారింగ్ ది బీటిల్స్' అని దీని పేరు. రెండు డిస్కులు, నాలుగు ఎపిసోడ్లు: 1964 ఫిబ్రవరి 9, 16, 23, ఆ తర్వాత 1965 సెప్టెంబర్ 12. అన్నీ నలుపు తెలుపే. బీటిల్స్ పాడినవి నాలుగింట్లో కలిపి 20 పాటలు. మిగతా సమయమంతా వేరే కళాకారులు, సలివన్ పరిచయాలు, అప్పటి వాణిజ్య ప్రకటనలు. మన అనాసిన్ మాత్ర ప్రకటన కూడా ఉంది. మా పెద్దమ్మ కొడుకు డల్లస్ నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు. గుంటూరులో గానీ, బెజవాడ బీసెంట్ రోడ్డులో గానీ ఇది అమ్మకానికి ఉండగా నేను చూడలేదు.

నేను బ్రాడీపేటలో పిల్లలకి గిటార్ నేర్పిస్తాను, ఆదివారం చర్చిలో క్వయర్‌తో వాయిస్తాను. గుంటూరులో గిటార్ పట్టుకున్నవాళ్లలో చాలామందిలాగే నాకూ మొదటి కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు) కీర్తనలతోనే వచ్చాయి. కాబట్టి ఈ సెట్‌ని అభిమానిగా ఎంత చూశానో, చేతులు గమనించే మాస్టారుగా కూడా అంతే చూశాను.

మొదటి ఎపిసోడ్‌కే ఈ సెట్ విలువ వచ్చేస్తుంది. న్యూయార్క్‌లో ఈ షో జరిగే హాలు, స్టూడియో 50. సీట్లు 728, టికెట్లు అడిగినవాళ్లు 50 వేలకు పైనే. సలివన్ వచ్చి, అప్పటికే పెద్ద రాక్ స్టార్ అయిన ఎల్విస్ ప్రెస్లీ, అతని మేనేజర్ పంపిన అభినందన టెలిగ్రామ్ సంగతి చెప్పి, కాసేపటికే నలుగుర్నీ పిలుస్తాడు. వరసగా మూడు పాటలు. మూడోదాంట్లో 'ఊ' అని పాల్, జార్జ్ తలలు ఊపినప్పుడల్లా హాల్లో కేకలు ఒక్కసారిగా లేస్తాయి. కెమెరా ఆ కేకలు వేసే అమ్మాయిల మీదికి కూడా వెళ్తుంది. ఒక అమ్మాయి కళ్లజోడు సర్దుకోవడం కూడా మరిచిపోయి ఎగురుతూ ఉంటుంది.

అంతే, వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లు మళ్లీ రావడానికి కార్యక్రమం చివరిదాకా ఆగాలి.

ఇక్కడే చాలామంది రిమోట్ నొక్కి ముందుకు పోతారు. దయచేసి పోకండి. ఆ మధ్యలో ఉన్నదే ఈ సెట్ ప్రత్యేకం. ఫ్రెడ్ కాప్స్ అనే డచ్ మెజీషియన్ పిడికిట్లోంచి ఉప్పు ధార పోస్తూనే ఉంటాడు, అది ఆగదు. మామూలు రోజైతే కళ్లార్పకుండా చూసే విద్య. కానీ ఆ రాత్రి టీవీ ముందున్నవాళ్ల మనసు బీటిల్స్ మీదే ఉండి ఉంటుంది. తర్వాత బ్రాడ్వే నాటకం 'ఆలివర్!' బృందం. అందులో జేబుదొంగ కుర్రాడి వేషం వేసిన డేవీ జోన్స్ పక్కన నిలబడి ఆ కేకలు విన్నాడు, నాకూ అలాంటిది కావాలనుకున్నానని తర్వాత చెప్పాడు. రెండేళ్లు తిరిగేసరికి టీవీ కోసమే తయారుచేసిన 'ది మంకీస్' బ్యాండ్‌లో అతనూ ఒక గాయకుడు. ఆ కుర్రాడు పాడుతున్నప్పుడు ఈ సంగతి తెలిసి చూస్తే వేరేగా ఉంటుంది.

బీటిల్స్ రెండో రాకకి ముందు మిట్జీ మెకాల్, చార్లీ బ్రిల్ అనే భార్యాభర్తల కామెడీ స్కిట్ ఉంది. రిహార్సల్ చూసిన సలివన్ స్కిట్ మార్చమన్నాడు, వాళ్లు ఆదరాబాదరాగా మార్చుకుని ఎక్కారు. టీవీలో అంతకుముందు ఏ వినోద కార్యక్రమానికీ రానంత మంది ప్రేక్షకులు, ఆ ప్రేక్షకులకి కావలసింది వేరే నలుగురు. నవ్వులు రాలేదు. ఆ రాత్రి గురించి వాళ్లిద్దరూ చాలా ఏళ్ల తర్వాత కూడా బాధగా చెప్పుకున్నారు. అభిమానుల జ్ఞాపకాలంటే సంతోషాలే అనుకుంటాం, వీళ్లదీ అదే రాత్రి జ్ఞాపకమే. ఆ స్కిట్ చూస్తున్నంతసేపూ నాకు వాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇప్పుడు నేను ఆ ఎపిసోడ్ ఎవరికి వేసినా ఆ ఇద్దరి పేర్లు ముందే చెప్పి వేస్తాను.

ఇంతసేపు ఆగాక నలుగురూ మళ్లీ వస్తే, హాల్లో వాళ్లతో పాటు మనకీ ప్రాణం లేచొస్తుంది. శుక్రవారం చిత్రలహరిలో మన హీరో పాట వస్తుందో రాదోనని పక్కింటి టీవీ ముందు చాప మీద కూర్చున్న వాళ్లకి ఈ ఆరాటం బాగా తెలుసు. పాట వచ్చేది ఒక్కటే, దాని కోసం నచ్చనివన్నీ చూసేవాళ్లం. ఆ రాత్రి అమెరికాలో 7 కోట్ల 30 లక్షల మంది అలాగే కూర్చున్నారు. అప్పటి వాళ్ల జనాభాయే 19 కోట్లు. యూట్యూబ్‌లో ఈ ఎదురుచూపు ఉండదు, పాట ఒక్కటే ఉంటుంది.

మా మేనమామ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సెట్ ఎవరి కోసమో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. ఎనభైకి దగ్గరపడ్డాడు. ఏసీ కాలేజీలో చదివే రోజుల్లో రేడియో సిలోన్ ఇంగ్లిష్ పాటల్లో బీటిల్స్‌ని విన్నాడు. షార్ట్‌వేవ్ కాబట్టి పాట మధ్యలో గొంతులు దూరంగా పోయి మళ్లీ దగ్గరికి వచ్చేవట. 1964లో మన దేశంలో టీవీ ఉన్నది ఢిల్లీలోనే. హైదరాబాద్ దూరదర్శన్ వచ్చేసరికి 1977, అప్పటికి ఆ బ్యాండ్ విడిపోయి ఏడేళ్లు. మామయ్యకి వాళ్లు తెలిసింది గొంతులుగా, ఎవరో స్నేహితుడి ఇంట్లో చూసిన రికార్డు అట్ట మీది నాలుగు ముఖాలుగా. ఏ గొంతు ఏ ముఖానిదో తెలియదు.

మొదటి ఎపిసోడ్‌లో రెండో పాట నెమ్మదిగా సాగే పాట. అది పాడుతుండగా కెమెరా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంది, తెర మీద పేరు పడుతుంది. పాల్. రింగో. జార్జ్. జాన్ పేరు కింద మాత్రం, అమ్మాయిలూ క్షమించండి, ఇతనికి పెళ్లయిపోయింది అని ఇంకో లైను. మామయ్య గట్టిగా నవ్వి, "ఒరేయ్, ఆపు. వెనక్కి తిప్పు" అన్నాడు. మళ్లీ చూశాడు. ఈసారి పేర్లు ఒక్కొక్కటీ పైకి చదువుకున్నాడు. తర్వాత వేగం పాట మొదలయ్యాక ఆయన కళ్లు రింగో మీదే ఉన్నాయి. "డ్రమ్స్ వాయించేవాడు ఇంత సంతోషంగా ఉంటాడని నాకు తెలీదురా" అన్నాడు. అరవై ఏళ్లుగా విన్న పాటలు. వాయించేటప్పుడు వాళ్లు ఒకరి వంక ఒకరు చూసుకుని నవ్వుకుంటారన్న సంగతి ఆయనకి ఆ రోజే తెలిసింది. అమెరికా పిల్లలకి ఒక్క రాత్రిలో అందింది మా మామయ్యకి ఆలస్యంగా అందింది, కానీ అందింది. నాకు ఈ డబ్బా మీద ఇంత అభిమానం అందుకే.

గిటార్ నేర్చుకునేవాళ్లకి ఒక మాట. పాల్ ఎడమచేతి వాటం. అందుకని అతని బేస్ గిటార్ మెడ ఒక వైపు, జార్జ్ గిటార్ మెడ రెండో వైపు ఉంటాయి. ఇద్దరూ ఒకే మైకు మీదికి వంగి పాడినా వాయిద్యాలు కొట్టుకోవు, తలలు దాదాపు ఆనుకుంటాయి. మన క్వయర్‌లో ఇద్దరు గిటారిస్టులు ఒక మైకు దగ్గర నిలబడటానికి ఎంత అవస్థపడతారో నాకు తెలుసు. జాన్ కాళ్లు వెడల్పుగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచుతూ రిథమ్ వాయిస్తాడు. అతని తీగలు మీటే (స్ట్రమ్మింగ్) చేయి మణికట్టు దగ్గర ఎంత వదులుగా ఉందో నా స్టూడెంట్స్‌కి పాజ్ చేసి మరీ చూపించాను. బిగబట్టి వాయించే పిల్లాడికి నేను నోటితో చెప్పినదాని కంటే ఇది బాగా ఎక్కింది.

రెండో ఎపిసోడ్ మయామీ బీచ్‌లో డోవిల్ హోటల్ నుంచి. నలుగురూ అప్పటికి కాస్త కుదుటపడ్డారు. జాన్, పాల్, జార్జ్ మైకు దగ్గరికి చేరి మూడు గొంతుల హార్మనీ పాడే పాట ఒకటి ఉంది. ఆల్టో, టెనార్ అంటూ పార్ట్స్ సాధన చేసే ఏ క్వయర్ అయినా అది కూర్చుని వినాలి. మూడో ఎపిసోడ్ నాకు అంత రుచించలేదు. ఫిబ్రవరి 23న ప్రసారమైనా, దాన్ని రికార్డు చేసింది 9వ తేదీ మధ్యాహ్నమే, మొదటి లైవ్ షోకి ముందు. అది టీవీలో వచ్చేసరికి వాళ్లు ఇంగ్లండ్ వెళ్లిపోయారు. మూడే పాటలు. అందులో ఒకటి ముందు రెండు ఎపిసోడ్లలోనూ ఉన్నదే.

లోపాలు ఉన్నాయి. మొదటి రాత్రి జాన్ గొంతు మిగతావాళ్ల కంటే తగ్గి వినిపిస్తుంది. అది డిస్కు తప్పు కాదు, అప్పటి మిక్సింగ్ అలాంటిది. కానీ జాన్ అభిమానులకి బాధే. ఇంకోటి, బీటిల్స్ తొలి టీవీ ప్రదర్శనలన్నీ ఇందులో ఉంటాయనుకుని కొనకండి. 1962 అక్టోబర్ 17న ఇంగ్లండ్‌లోని గ్రనాడా టీవీలో వాళ్లు మొదటిసారి కనిపించింది గానీ, 1963 అక్టోబర్ 13న లండన్ పల్లాడియం నుంచి కోటిన్నర మంది చూసింది గానీ ఇందులో లేవు. ఇది పూర్తిగా సలివన్ ఇంటి సరుకు. బ్రిటన్ అభిమానుల జ్ఞాపకాలన్నీ ఆ ముందటి ఏడాదివి. 1963 అక్టోబర్ 31న లండన్ విమానాశ్రయంలో వాళ్ల కోసం కేకలు వేస్తున్న గుంపుని చూసే సలివన్ వీళ్లెవరని ఆరా తీశాడంటారు. మూడు షోలకి మాట్లాడుకున్నది 10 వేల డాలర్లు. 1956లో ఎల్విస్ మూడు షోలకి మాట్లాడుకున్నది 50 వేలు. అయినా బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ పట్టుబట్టింది డబ్బు కోసం కాదు, తెర మీద వాళ్ల పేరే ముందు ఉండాలని. ఆ పట్టుదల ఎంత సరైనదో మొదటి ఎపిసోడ్ చూస్తే తెలుస్తుంది.

తెప్పించుకునేవాళ్లు ముందు రీజియన్ కోడ్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె, అడిగి తెలుసుకోండి. అమెరికా డిస్కులు రీజియన్ 1, మనది 5. అన్నీ ఆడే ప్లేయర్ ఉంటే టెన్షన్ లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ ఉండటం లేదు, పాత ప్లేయర్‌కి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు కొత్త టీవీకి కలపాలంటే చిన్న కన్వర్టర్ డబ్బా కావాలి. అంత శ్రమ ఎందుకు అనిపిస్తే మొదటి డిస్కు ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి, చూడటం మాత్రం మానకండి.

నాలుగో ఎపిసోడ్ రికార్డయింది 1965 ఆగస్టు 14న, న్యూయార్క్ షేయా స్టేడియం కచేరీకి ముందురోజు. ఏడాదిన్నరలో వాళ్లలో వచ్చిన తేడా ముఖాల్లోనే కనిపిస్తుంది. అందులో పాల్ ఒక్కడే అకూస్టిక్ గిటార్‌తో 'యెస్టర్‌డే' పాడతాడు. ఆ పాట రికార్డులో ఎఫ్ స్కేల్. పాల్ తీగలన్నీ ఒక ఫుల్ టోన్ దించి, జి స్కేల్ కార్డ్స్ పట్టుకుంటాడు. దాంతో ఒకే వేలితో తీగలన్నీ నొక్కిపట్టే ఎఫ్ బారె కార్డ్ తప్పుతుంది. బారె కార్డ్ అంటే వేళ్లు నొప్పి అని ఏడ్చే నా స్టూడెంట్ ఒకడు ఈ సంగతి విన్నాక మళ్లీ డిస్కు వేయమన్నాడు. పాట మొత్తం పాల్ ఎడమచేతి వాటాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి పట్టుకుంటూ వేళ్ల స్థానాలు రాసుకున్నాడు. వాడికి వచ్చే వారానికి మొదటి చరణం ఇచ్చాను.